మాల వేసిన మూడో రోజు

వైనతేయ గోదావరి గట్టు కింద ఆ ఇంట్లో పెద్దకర్మ భోజనాలు అయిపోయాయి. షామియానా విప్పుతున్నారు. చనిపోయినవాడికి నలభై రెండేళ్ళు. కొబ్బరి దింపు పని. ఇరవయ్యేళ్ళుగా తాగుతున్నాడు. చివరి మూడు నాలుగేళ్ళూ పొద్దున్నే చుక్క పడితే తప్ప చేతుల వణుకు ఆగేది కాదు. ఆ చేతులతోనే చెట్టెక్కేవాడు. భార్య కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళి ఆరేళ్ళయింది. ఈ కార్తీకంలో ఆమె ఫోనులో ఏడ్చి, ఒప్పించి, అయ్యప్ప మాల వేయించింది. మాల పడిన క్షణం నుంచి అతను చుక్క ముట్టలేదు. రెండో రోజు రాత్రి ఫిట్స్ వచ్చాయి. మూడో రోజు గోడల మీద జెర్రులు పాకుతున్నాయని కేకలు పెట్టాడు. ఒళ్ళంతా చెమట, ఎవరినీ గుర్తుపట్టలేదు. గాలి సోకిందని కొందరన్నారు. స్వామి కోపమని కొందరన్నారు. ఊళ్ళో ఆర్‌ఎంపీ వచ్చి గ్లూకోజు సీసా పెట్టాడు. నాలుగో రోజు తెల్లవారుజామున అమలాపురం తీసుకెళ్తుంటే దారిలో ప్రాణం పోయింది.

ఊరి పేరు రాయడం లేదు. రాస్తే ఆ ఇల్లు తెలిసిపోతుంది.

అరుగు మీద ఇద్దరు మిగిలారు. ఒకరు నాకు ఆరో తరగతిలో తెలుగు చెప్పిన టీచరు గారు. 1992లో సారా వ్యతిరేక ఉద్యమం నెల్లూరు దాటి ఊరూరా పాకినప్పుడు, రాత్రి బడికి వచ్చే ఆడవాళ్ళతో కలిసి సారా కొట్టు ముందు బైఠాయించిన మనిషి. రెండోవాడు ఆవిడ మేనల్లుడు. ఒక పెద్దాస్పత్రిలో మందు మాన్పించే వార్డులో స్టాఫ్ నర్సు. పోయినవాడు ఇద్దరికీ కావలసినవాడే. వాడెందుకు పోయాడన్న దగ్గర మొదలైన మాట దీపాలు పెట్టే వేళ దాకా సాగింది. ఇద్దరిలో ఎవరూ మద్యాన్ని వెనకేసుకు రాలేదు. అయినా ఒకరి మాట ఒకరికి సమ్మతం కాలేదు. నేను విన్నంత మేరకు రాస్తున్నాను.

టీచరు: మాల మీద పెట్టకురా నాన్నా. వాణ్ణి చంపింది ఇరవయ్యేళ్ళ మందు. మూడు రోజుల మాల కాదు.

మేనల్లుడు: మందే చంపిందత్తా. కాదన్నానా? కానీ ఎలా చంపిందో విప్పి చెప్పుకోకపోతే వచ్చే కార్తీకానికి ఇంకొకడు పోతాడు. రోజూ తాగేవాడి మెదడుని మద్యం అణచిపెడుతూ ఉంటుంది. అణిగిపోకుండా నిలబడడానికి మెదడు ఎదురు తోస్తూ ఉంటుంది. తలుపుకి అవతల ఒకడు, ఇవతల ఒకడు నిలబడి తోస్తున్నారనుకో. అవతలివాడు చటుక్కున తప్పుకుంటే ఇవతలివాడు గుమ్మంలో బోర్లా పడతాడు. మందు ఆపిన ఆరు గంటల నుంచి రెండు రోజుల లోపల ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులు గడిచాక మతి చెదురుతుంది, లేనివి కనిపిస్తాయి, ఒళ్ళు కాలిపోతుంది, గుండె దడదడలాడుతుంది. డెలీరియం ట్రెమెన్స్ అంటారు, మా వార్డులో డీటీ అంటాం. వైద్యం అందకపోతే ప్రాణం మీదికొస్తుంది. సమయానికి అందితే నూటికి తొంభై అయిదు మందికి పైగా బతికి ఇంటికెళ్తారు. వీడికి గాలీ సోకలేదు, స్వామికి కోపమూ రాలేదు.

టీచరు: ఆర్‌ఎంపీ వచ్చాడుగా. సెలైన్ ఎక్కించాడుగా.

మేనల్లుడు: అది ఇంకో పొరపాటు. ఏళ్ళ తరబడి తాగినవాడి ఒంట్లో బి1 విటమిన్ అడుగంటిపోయి ఉంటుంది. థయామిన్ అంటారు. అది ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చయిపోయి మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. ముందు థయామిన్ ఇంజెక్షను, ఆ తర్వాతే గ్లూకోజు. వణుకునీ ఫిట్స్‌నీ అదుపులో పెట్టే మందులు మొదట ఎక్కువ మోతాదులో ఇచ్చి, వారం పది రోజుల్లో తగ్గించుకుంటూ వస్తారు. ఆపరేషన్లు లేవు, లక్షలు అక్కర్లేదు. మాలకి పది రోజుల ముందు వీణ్ణి మా దగ్గర పడుకోబెట్టి ఉంటే, ఈపాటికి ఇరుముడికి రోజులు లెక్కపెట్టుకుంటూ ఉండేవాడు.

టీచరు గారు ఈ మాటకి వెంటనే బదులు చెప్పలేదు. కాలవ వైపు చూస్తూ ఉండిపోయారు.

టీచరు: నీ వైద్యం నిజమే అనుకుందాం. ఏటా ఎన్ని వేల మంది మాల వేసుకుంటున్నారు? ద్వారపూడి అయ్యప్ప గుడి దగ్గర ఓ పూట నిలబడు, తెలుస్తుంది. నలభై ఒక్క రోజులు చుక్క ముట్టకుండా ఉంటున్నారు కదా. వాళ్ళెవరికీ ఫిట్స్ రావట్లేదే! మనసుంటే మానగలరు. దాన్ని రోగం అన్నామంటే తాగేవాడి చేతికి సాకు అందించినట్టే.

మేనల్లుడు: నలభై ఒక్క రోజులు ఉండగలిగినవాడు ఇంకా దానికి పూర్తిగా చిక్కనివాడు. వాళ్ళకి మాల మేలే చేస్తుంది. ఆ కాస్త ఎడంలో కొందరు శాశ్వతంగా మానేసిన సంగతి నాకూ తెలుసు. నేను చెప్పేది ఉండలేనివాడి గురించి. వాడూ అదే వరసలో నిలబడతాడు, అవే నల్లబట్టలు కట్టుకుంటాడు. పైకి తేడా తెలియదు. 2019లో ఎయిమ్స్ వాళ్ళు కేంద్ర ప్రభుత్వం కోసం దేశమంతా సర్వే చేసి నివేదిక ఇచ్చారు. 10 నుంచి 75 ఏళ్ళ లోపు జనంలో మద్యం తాగేవాళ్ళు సుమారు 16 కోట్లు. అందులో మందు లేకపోతే ఒళ్ళు నిలవని స్థితికి వచ్చినవాళ్ళు 2.9 కోట్లు. అంటే తాగేవాళ్ళు అయిదారుగురిలో ఒకడు. మద్యం సమస్యగా మారినవాళ్ళు జనాభాలో పది శాతం దాటిన రాష్ట్రాల్లో మనది ఒకటి. ఇంకో లెక్క కూడా ఉంది, అది నాకు నిద్ర పట్టనివ్వదు. అలా చిక్కుకుపోయిన 38 మందిలో ఒక్కడికే ఏదో ఒక సాయం అందింది. ఆస్పత్రిలో చేరి వైద్యం చేయించుకున్నది 180 మందిలో ఒక్కడు. మిగతా 179 మంది ఎక్కడున్నారు? ఇలాంటి లంకల్లో, ఇలాంటి అరుగుల మీద ఉన్నారు.

టీచరు: ఆ 2.9 కోట్ల మందీ పుట్టుకతో రోగులా? ఎవడో పోస్తేనే కదా తాగారు! కలరా వస్తే సెలైన్ ఎక్కిస్తావు సరే, కలుషితమైన నూతికి మూత వెయ్యవా? నువ్వు వార్డులో కూర్చుని ఒకణ్ణి లేపేలోపు బయట షాపులు వందమందిని పడుకోబెడుతున్నాయి. 1992లో దూబగుంటలో ఏం జరిగిందో నీకు తెలుసా? పుస్తకంలో చదివి ఉంటావు. నేను ఆ రోజుల్లో బతికాను. సంపూర్ణ అక్షరాస్యత అని రాత్రి బడులు పెట్టారు. చదువుకునే వాచకంలో సీతమ్మ కథ అని ఓ పాఠం. ఊరి ఆడవాళ్ళంతా ఒక్కటై సారా కొట్టు మూయించే కథ. దూబగుంట ఆడవాళ్ళు ఆ పాఠం చదివి, అందులో ఉన్నది చేసి చూపించారు. వర్ధినేని రోశమ్మ గారు వాళ్ళలో ముందు నిలబడ్డ మనిషి. అంతకు ముందు వారుణి వాహిని అని పేరు పెట్టి ప్యాకెట్లలో సారా ఊరూరా పంపించింది సర్కారే. చివరికి సర్కారే 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధించాల్సి వచ్చింది. 1994 డిసెంబరులో రామారావు గారు ముఖ్యమంత్రిగా మొదటి సంతకం మద్యనిషేధం మీద పెట్టారు. 1995 జనవరి 16 నుంచి అమల్లోకొచ్చింది. అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్ళు చేయించిన పని అది. డాక్టర్లు కాదు.

మేనల్లుడు: ఎన్నాళ్ళుంది అత్తా?

టీచరు: 1997 దాకా ఉంది. అయితే ఏంటి? ఆ రెండేళ్ళలో మా బళ్ళో నేను చూసింది చెబుతాను విను. లంకల నుంచి వచ్చే పిల్లల్లో పలకా బలపం కొనుక్కోలేని వాళ్ళు తగ్గారు. పొద్దున్నే ఏడ్చిన కళ్ళతో వచ్చే పిల్లలు తగ్గారు. పంట నూర్పులయ్యాక కూలి డబ్బులు మొదటిసారి ఇంటికొచ్చాయని ఆడవాళ్ళు నాతో చెప్పారు. రెండేళ్ళే కావచ్చు. ఆ రెండేళ్ళలో పెరిగిన పిల్లకి అవి ఎంత పెద్ద సంవత్సరాలో నీకు లెక్క తెలియదు.

మేనల్లుడు: ఆ రెండేళ్ళలో ఎదుర్లంక రేవు ఎలా ఉండేదో మా నాన్న చెప్పేవాడు. గౌతమికి ఇవతల నిషేధం, అవతల యానాం. 30 చదరపు కిలోమీటర్ల ఊరు, పుదుచ్చేరి పాలన, పన్నులు వేరు, ధరలు వేరు. అప్పటికి బాలయోగి గారి పేరున్న వంతెన లేదు. పంటు మీద వెళ్ళేవాళ్ళు. వెళ్ళేటప్పుడు నడిచి వెళ్ళినవాళ్ళని వచ్చేటప్పుడు మోసుకొచ్చేవాళ్ళట. పంటు ఖర్చు పెట్టుకోలేనివాడు లంకలో కాచిన నాటుసారా తాగాడు. బెల్లం ఊటలో నవసారం, యూరియా కలిపి కాచింది. షాపు మూస్తే తాగుడు పోలేదు, చాటుకి పోయింది.

టీచరు: దొంగతనాలు ఆగడం లేదని ఇంటికి తాళం వెయ్యడం మానేశామా? యానాం వెళ్ళాలంటే డబ్బుండాలి, ఓపికుండాలి, ఒక పూట పని పోగొట్టుకోవాలి. ఇప్పుడో? బెల్టుషాపువాడికి ఫోన్ చేస్తే గుమ్మంలోకి తెచ్చిస్తున్నాడు. అందుబాటులో ఉండడానికీ తాగడానికీ సంబంధం లేదంటావా?

మేనల్లుడు: ఉంది. అది నేను కాదనలేను. ధర పెంచడం, దొరికే చోట్లు తగ్గించడం, ప్రకటనలు ఆపడం పనిచేస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది. 2019 ఒక్క సంవత్సరంలో ప్రపంచం మొత్తం మీద 26 లక్షల మందిని మద్యం పొట్టన పెట్టుకుందని లెక్క కట్టింది వాళ్ళే. తగ్గించడం వేరు, ఒక్కరాత్రిలో మూసెయ్యడం వేరు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు షాపులన్నీ ఒక్కసారి మూతపడ్డాయి. వారం తిరక్కముందే హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి ఇలాంటి వణుకుడు, ఇలాంటి ఫిట్స్ కేసులు వరస కట్టాయి. ఆ జులై నెలాఖరులో ప్రకాశం జిల్లా కురిచేడులో మందు దొరక్క శానిటైజరు తాగి పదిమందికి పైగా పోయారు. వాళ్ళు సరదాకి తాగలేదత్తా. నీ నిషేధం వచ్చిన మర్నాడు ఈ జిల్లాలో ఎంతమంది చేతులు వణుకుతాయో ఎవరైనా లెక్క వేశారా? వాళ్ళకి మంచాలెక్కడ? మందులెక్కడ?

టీచరు: అయితే మంచాలు వెయ్యమను. మంచాలు లేవని షాపులు ఉంచుతారా? ఈ రాష్ట్రానికి ఈ గొడవ కొత్త కాదు. 1954 నవంబరులో ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం ఈ మద్యనిషేధం గొడవ మీదే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఆంధ్రరాష్ట్రానికి మొదటి ప్రభుత్వం అది. అప్పటి నుంచి ఇప్పటి దాకా పెడతారు, తీస్తారు. 2019 అక్టోబరు నుంచి సర్కారే షాపులు నడిపింది. దశలవారీగా నిషేధం అన్నారు. 2020 మేలో ధరలు 75 శాతం పెంచారు. 2024 అక్టోబరులో లాటరీ వేసి 3,396 షాపులు ప్రైవేటువాళ్ళకి ఇచ్చారు, 99 రూపాయలకి క్వార్టరు తెచ్చారు. సర్కారు అమ్మినా ప్రైవేటు అమ్మినా సీసాలో ఉన్నది అదేగా! నాటుసారా విషం, షాపు సరుకు మేలు అనడానికి కూడా లేదు. మొన్న 2025 అక్టోబరులో అన్నమయ్య జిల్లా ములకలచెరువులో నకిలీ మద్యం తయారుచేసే కేంద్రమే బయటపడింది. ఎన్ని పాలసీలు మారినా, ఎక్సైజు రాబడి తగ్గకూడదన్న మాట మాత్రం ఎవరూ మార్చలేదు. ఆ రాబడిలో ఈ ఇంటివాడి కూలి ఉంది. కువైట్‌లో ఎవరి ఇల్లో తుడిచి వాడి పెళ్ళాం పంపించిన దీనారాలున్నాయి. అది నాకు మింగుడు పడదు.

నాకూ పడదు. కోనసీమలో గల్ఫ్ డబ్బుతో లేచిన డాబాలు చాలా ఉన్నాయి. ఆ డబ్బు తాగుడికి పోయి పునాదుల దగ్గరే ఆగిన ఇళ్ళూ ఉన్నాయి. రాజోలు వైపు రోడ్డు మీద వెళ్తుంటే తుప్పెక్కిన ఊచలు పైకి లేచి కనిపిస్తాయి. ఆగడానికి కారణాలు అనేకం ఉండవచ్చు. నాకు తెలిసిన రెండింటికి మాత్రం కారణం ఇదే.

మేనల్లుడు: సర్కారుని అంటున్నావు, అను. మనల్ని కూడా అనుకోవాలి కదా. ఈ చనిపోయినవాడికి మొదటి క్వార్టరు ఎవరు కొనిచ్చారో నాకు తెలుసు. దింపు రోజున కూలితో పాటు మందు కూడా ఇవ్వడం ఈ సీమలో ఆనవాయితీ. కోతలకీ అంతే, చెరువు పట్టుబడికీ అంతే. తాతయ్య చేలో కోతల రోజున డబ్బాలో కల్లు వచ్చేది. చిన్నప్పుడు నేనే చూశాను. వీడు పదిహేడేళ్ళవాడిగా మన తోటలోనే మొదటి చెట్టెక్కాడు.

టీచరు గారి ముఖం మారింది. ఇది నేను రాయకుండా ఉండవచ్చు. కానీ ఆవిడే తర్వాత నాతో అన్నారు, ఆ ముక్క వదిలెయ్యకు అని.

టీచరు: నిజం. మా నాన్న ఇచ్చేవాడు. నేను సారా కొట్టు ముందు కూర్చున్న ఏడాది కూడా మా చేలో కోతలకి ఇచ్చారు. నేను అడ్డుపడ్డాను. వాళ్ళు రారమ్మా, పక్క చేలోకి పోతారు అన్నాడు. నేను నోరు మూసుకున్నాను. తప్పే. సంక్రాంతికి కోళ్ళ బరుల పక్కన పందిళ్ళేసి మందు అమ్ముతుంటే చూస్తూ ఊరుకోవడం కూడా తప్పే. 21 ఏళ్ళు నిండనివాడికి అమ్మకూడదని చట్టం. భోగి నాడు బరి దగ్గర ఎవడు ఎవడి వయసు అడుగుతున్నాడు? కొడుకు మొదటి గుక్క తండ్రి పక్కనే తాగుతున్నాడు. జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వచ్చే పిల్లల్ని చూస్తే కూడా నాకు భయమేస్తోంది. మందు మాట అటుంచు, గంజాయి అంటున్నారు.

మేనల్లుడు: ఉంది. పాడేరు, చింతపల్లి కొండల్లో పండేది ఇంత కాలం మన మీదుగా పై రాష్ట్రాలకి పోయేది. ఇప్పుడు చిన్న పొట్లాలుగా దారిలోనే దిగుతోంది. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర పోలీసులు రెండు లక్షల కిలోలు ఒక్కచోట పోసి తగలబెట్టారు. 2024 నవంబరులో ఈగల్ అని ప్రత్యేక విభాగం పెట్టి 1972 నంబరు ఇచ్చారు. మా వార్డుకి వచ్చే ఇంటర్, పాలిటెక్నిక్ కుర్రాళ్ళలో కొందరికి చెవిలో మాటలు వినిపిస్తుంటాయి, అమ్మే అన్నంలో విషం పెట్టిందని అనుమానం. ఎదిగే వయసు మెదడు మీద గంజాయి చేసే పని అది. అందరికీ అలా అవదు. ఎవడికి అవుతుందో ముందు తెలియదు.

టీచరు: దీంట్లో అయినా ఒప్పుకుంటావా, పట్టుకుని లోపలెయ్యాలని?

మేనల్లుడు: అమ్మేవాణ్ణి వెయ్యాలి. ఇరవై కిలోలు దాటితే పదేళ్ళకి తక్కువ కాకుండా శిక్ష ఉంది, పడాల్సిందే. తాగే కుర్రాడి సంగతి వేరు. 1985 నాటి ఆ మాదకద్రవ్యాల చట్టంలోనే 64ఎ అని ఓ సెక్షన్ ఉంది. వాడకం కేసులోగానీ, కొద్దిపాటి సరుకుతోగానీ దొరికినవాడు తనంతట తాను వైద్యానికి వచ్చి, దాన్ని పూర్తి చేస్తే ప్రాసిక్యూషన్ ఉండదు. ఈ సంగతి తెలియక, పేరు బయటికొస్తే కేసవుతుందని, పెళ్ళి కాదని, తల్లులు కొడుకుల్ని గదిలో పెట్టి గడియ వేస్తున్నారు. గడియ తీసేసరికి వాడు మా చేతికి కూడా అందని స్థితిలో ఉంటున్నాడు. నీకు పోలీసు కావాలి, నాకు ఆ తల్లి కావాలి.

టీచరు: తల్లులూ పెళ్ళాలూ! అన్నీ వాళ్ళ నెత్తినే. ఒక్క ప్రశ్న అడుగుతాను, సూటిగా చెప్పు. తాగుడు రోగం అన్నావు. తాగొచ్చి పెళ్ళాన్ని కొట్టడం కూడా రోగ లక్షణమేనా? పుస్తెలు తాకట్టు పెట్టడం? వీడు కూడా కొట్టాడు. అది కువైట్ వెళ్ళింది డబ్బు కోసం మాత్రమే కాదు.

మేనల్లుడు: కాదు. కొట్టడం రోగం కాదు. మా వార్డులో చేరినవాళ్ళలో ఇంట్లో ఎన్నడూ చెయ్యెత్తనివాళ్ళున్నారు. చెయ్యెత్తేవాడు తాగకుండా కూడా ఎత్తుతాడు. దానికి 2005 నాటి గృహహింస చట్టం ఉంది, 181 మహిళల హెల్ప్‌లైన్ ఉంది. రోగి అని జాలిపడి ఆమెని దెబ్బలు తినమని నేను చెప్పను. నేను చెప్పేది ఒకటే. సిగ్గు వల్ల ఆమె ఎవరికీ చెప్పుకోదు. చెప్పుకోకపోవడం వల్ల ఎవడో అమ్మే పొడి కొనుక్కుంటుంది. మనిషికి తెలియకుండా కూరలో కలపండి, మానేస్తాడు అని అమ్ముతారు. అందులో కొన్నిటిలో ఏ మందు ఉంటుందో తెలుసా? డైసల్ఫిరామ్. మా డాక్టర్లు రోగి సంతకం పెట్టించుకుని, రక్తపరీక్షలు చూసి ఇచ్చే మందు. అది ఒంట్లో ఉందని తెలియక వాడు తాగాడంటే బీపీ పడిపోయి, గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. మంచి చెయ్యబోయి ఆ ఇల్లాలు హంతకురాలవుతుంది. ఆకలితో వచ్చినవాణ్ణి ఎవరని అడగకుండా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి లంకల గన్నవరం ఇక్కడికెంత దూరం? అలాంటి చోట, వణుకుతున్న మనిషిని చూసి తలుపేసుకుంటున్నాం.

టీచరు: తలుపు వేసుకున్నామా? మాల వేశాం కదరా. చేతనైన మంచి చేశాం.

మేనల్లుడు: చేశారు. అందుకే బాధ.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. లోపల ఫోను మోగింది. కువైట్ నుంచి. పోయినవాడి తల్లి ఎత్తి ఏడుస్తోంది. సెలవు దొరక్క ఆ పిల్ల పెద్దకర్మకి రాలేకపోయింది. కర్మంతా వీడియోలోనే చూసింది.

టీచరు గారు గొంతు తగ్గించారు.

టీచరు: నువ్వు ఇందాక నాకు చెప్పినదంతా ఆ పిల్లకి చెబుతావా? మాల వేసుకోమని కాళ్ళావేళ్ళా పడింది అదే. నీ మాట దాని చెవిన పడితే అది బతుకుతుందా?

మేనల్లుడు: చెప్పను. ఆమె తప్పు రవ్వంత కూడా లేదు. మానమని అడగడం తప్పెలా అవుతుంది? ఎలా మానిపించాలో ఆమెకి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది మేము. వార్డులో కూర్చుని, వచ్చినవాడికి వైద్యం చేస్తూ, రానివాడి సంగతి మాకెందుకు అనుకున్నాం. ఆమెకి కాదత్తా, గురుస్వాములకి చెబుతాను. కార్తీకంలో ఈ జిల్లాలో తాగేవాళ్ళు తమంతట తాము నడుచుకుంటూ వచ్చి మానేస్తామని తలవంచి నిలబడేది ఎవరి ముందు? నా ముందు కాదు, డాక్టరు ముందు కాదు. గురుస్వామి ముందు. మెడలో మాల వేసే ముందు ఆయన ఒక్క ప్రశ్న అడిగితే చాలు. పొద్దున్నే పడకపోతే చేతులు వణుకుతాయా అని. వణుకుతాయి అన్నవాణ్ణి, ఇదివరకు మానినప్పుడు ఫిట్స్ వచ్చాయన్నవాణ్ణి, ముందు ఆస్పత్రికి పంపాలి. పది రోజులాగి మాల వెయ్యాలి.

టీచరు: నువ్వు వాళ్ళ దగ్గరికి వెళ్ళు. నేను మటుకు సోమవారం ఆడవాళ్ళని తీసుకుని అమలాపురం కలెక్టరేట్‌కి వెళ్తున్నాను. ఈ గట్టు మీద బెల్టుషాపు ఎత్తేసేదాకా వదలను. ఎత్తేస్తే ఎవడికి ఫిట్స్ వస్తాయంటావో వాళ్ళ పేర్లు నాకు రాసివ్వు. ఆటో కట్టించి నీ వార్డుకి నేనే పంపుతాను.

మేనల్లుడు: ఈ ఊళ్ళోనే పదకొండు మంది ఉన్నారు.

టీచరు: రాసివ్వు.

చీకటి పడుతుంటే ఆవిడ చీటీ తీసుకుని వెళ్ళిపోయారు. ఇద్దరూ ఒక మాట మీదికి వచ్చారని నేను అనను. నిషేధం మీద ఆవిడ పట్టు ఆవిడదే, దాని మీద అతని భయం అతనిదే. షాపు ఉన్నంతకాలం కొత్తవాళ్ళు తయారవుతూనే ఉంటారన్న ఆవిడ మాట నేను నమ్ముతాను. అయితే ఈ నెలలో నాకు అతని మాటే ముందు. ఇంకా మాలలు పడుతున్నాయి. సంక్రాంతి దాకా పడతాయి. భవానీ దీక్షలూ ఉన్నాయి.

గురుస్వాములకు నా విన్నపం. మీ ముందు తలవంచి నిలబడ్డవాణ్ణి, మాల వేసే ముందు ఆ ఒక్క ప్రశ్న అడగండి. వణుకుతాయి అంటే తిట్టకండి, పంపెయ్యకండి. పక్కన కూర్చోబెట్టి 14446కు ఫోన్ చెయ్యండి. మందు, మత్తు మాన్పించడానికి కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఉచిత నంబరు అది. 14416 టెలీ మానస్ వాళ్ళు కూడా పలుకుతారు. కాకినాడ ప్రభుత్వ ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. మానేసిన రెండు మూడు రోజుల్లో మాల వేసుకున్న స్వామికి మతి చెదిరితే, ఫిట్స్ వస్తే, అది దైవకోపం కాదని ఇంట్లోవాళ్ళకి మీరే చెప్పండి. మీరు చెబితే వింటారు. ఆ రాత్రే 108 పిలిపించండి, తెల్లవారే దాకా ఆగకండి.